పదకొండు ఒకట్లు

మార్చి 3

చెల్లీ,

నా మంచం మార్చారు. ఇప్పుడు కిటికీ పక్కన ఉన్నాను. ఈ మంచం ఎలా ఖాళీ అయిందో నువ్వు అడగొద్దు, నేను చెప్పను. కిటికీలోంచి ఆస్పత్రి వెనక పెరడు, తీగల మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. రోజూ లెక్కపెడతాను. నిన్న ముప్పై ఏడు. ప్రధాన సంఖ్య వచ్చిన రోజు దగ్గు తక్కువగా ఉంటుందని ఒక పిచ్చి నమ్మకం పెట్టుకున్నాను. ఇంతవరకూ నిజమైతే కాలేదు.

డాక్టరు మొన్నటిదాకా నెలల్లో మాట్లాడేవాడు, ఇప్పుడు వారాల్లో మాట్లాడుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళు గేర్లు కోస్తూ పోత ఇనుము పొడి పీల్చాక ఊపిరితిత్తులు ఇంకెలా ఉంటాయి. దిగులు పడకు. నాకున్న తొందరల్లా మన పని పూర్తి కావాలనే.

పక్క మంచంలో లెక్కల మేష్టారు ఒకాయన చేరాడు. కాలేజీలో చెప్పి రిటైరయ్యాడట. ఒంట్లో రక్తం లేదు కానీ నోట్లో పదును తగ్గలేదు. ఆయనకి మన గొడవంతా చెప్పాను. నాన్న పలక మీద ఒకట్లు వరసగా రాసి మనిద్దర్నీ ఉసిగొల్పేవాడు కదా. ఐదు ఒకట్లు రాస్తే నలభై ఒకటితో శేషం లేకుండా తెగింది. ఏడు రాస్తే రెండు వందల ముప్పై తొమ్మిదితో తెగింది. అది నువ్వే పట్టావు, నేను రెండు రోజులు నీతో మాట్లాడలేదు. పదకొండు రాస్తే ఎవరివల్లా కాలేదు. వెయ్యిన్నూట పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు. దీన్ని ఏదీ తెంచలేదర్రా అని నాన్న సుద్దముక్క పక్కన పడేశాడు.

ఆయన పోయి, మనం చెరో ఊళ్ళో పడ్డాక, ఇదేదో తేల్చేద్దామని పంచుకున్నాం. చివర ఒకటి, మూడు ఉన్న ప్రధాన సంఖ్యలు నాకు. ఏడు, తొమ్మిది ఉన్నవి నీకు. వారానికో కాగితం, కాగితానికి పది లెక్కలు, నీ సంఖ్యలు నేను రాసి పంపితే శేషాలు నింపి తిప్పి పంపేదానివి. దాని వర్గమూలం, అంటే లక్షా ఐదువేల నాలుగు వందల తొమ్మిది దాకా ఏదీ తెంచకపోతే ఇక ఎప్పటికీ ఏదీ తెంచదు. ఇదంతా విని మేష్టారు, పెద్ద లైబ్రరీల్లో పట్టికలుంటాయి, ఎవడో ఎప్పుడో తేల్చేసే ఉంటాడు, రాసి కనుక్కుంటానన్నాడు. మీకు పుణ్యముంటుంది, ఆ పని మాత్రం చెయ్యకండి అన్నాను.

పన్నెండేళ్ళు పట్టింది చెల్లీ. నా వంతు నిన్నటితో అయిపోయింది. నీ దగ్గర ఇంకా మూడు కాగితాలున్నాయి. నా చేత్తో ఎన్ని వేల గేర్లు కోశానో, ఒక్కదాని మీదా నా పేరు లేదు, సగం ఈపాటికి అరిగి తుక్కులోకి పోయుంటాయి. ఈ సంఖ్య అరగదు. నాన్న మాట నిజమని తేల్చి పోతే చాలు నాకు.

బావని అడిగానని చెప్పు.

అన్నయ్య

మార్చి 13

అన్నయ్యకి,

మూడు కాగితాలూ ఇందులో పెట్టాను. ముప్పై లెక్కలు, ముప్పై శేషాలు. ఒక్కటీ సున్నా కాదు. నీ పని అయిపోయింది.

ఆలస్యమైనందుకు తిట్టకు. డిపోలో డ్యూటీ చార్టు రాయడం నాతో అవడం లేదు. ఇద్దరు డ్రైవర్లు జ్వరమని రాలేదు. ఒక కండక్టరుకి ఈ ఏడాదిలో మూడో మేనత్త పోయింది. ఎన్నిసార్లు కొట్టేసి రాసినా బస్సులు ఎక్కువ, మనుషులు తక్కువ. పాడైన చార్టుల వెనకే నీ భాగహారాలు చేశాను. మా సూపర్‌వైజరు అది చూసి, ఏ రూటమ్మా ఇది ఇంత పొడుగుంది అన్నాడు.

మీ బావ మోకాలు అలాగే ఉంది. మెట్లు దిగేటప్పుడు మెట్లని తిడతాడు.

చూడ్డానికి వస్తానంటే వద్దంటావు. ఆస్పత్రి వాసన నీకెందుకే అంటావు. నీ ఇష్టం. మందులు వేళకి వేసుకుంటున్నావా లేదా, అదొక్కటి రాయి. దుప్పట్ల లెక్క నాకెందుకు.

నీ చెల్లెలు

మార్చి 22

చెల్లీ,

కాగితాలు అందాయి. చదివి, మడిచి, మళ్ళీ తీసి చదివాను. నర్సమ్మ వచ్చి ఏంటి తాతా కళ్ళు తుడుచుకుంటున్నావు అంది. యాభై ఎనిమిదేళ్ళకే తాతనైపోయాను, అందుకని ఏడుస్తున్నా అన్నాను.

ఇప్పుడొక తలవంపుల సంగతి. మేష్టారు మన కాగితాలు కాసేపు తిరగేసి, నవ్వు ఆపుకుని ఒక మాట చెప్పాడు. పదకొండు ఒకట్లని తెంచాలంటే ఏ ప్రధాన సంఖ్యకైనా ఒక అర్హత ఉండాలట. దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగలాలి. అలా మిగలనివి దీని జోలికే రాలేవు. ఏడు ఒకట్లకైతే పద్నాలుగుతో భాగిస్తే ఒకటి మిగలాలి. నువ్వు పట్టిన రెండు వందల ముప్పై తొమ్మిది వేసి చూడు, సరిగ్గా ఒకటి మిగుల్తుంది. ఎందుకలా అన్నది కాగితం మీద చూపించాడు, నాకు రెండోసారికి తలకెక్కింది.

అంటే ప్రతి పది లెక్కల్లో తొమ్మిది మనం ఊరికే చేశాం. ఆ పూట దుప్పట్లు కూడా లెక్కపెట్టలేదు. తర్వాత, పోనీలే, ఊరికే చేసినా తప్పు చెయ్యలేదు కదా అనుకున్నాను.

మేష్టారికి నమ్మకం కుదరాలంటే మాత్రం అర్హత ఉన్నవాటి భాగహారాలు మొత్తం చూపించాలట. శేషాలు ఎవరైనా రాస్తారయ్యా, చేసిన లెక్క చూపించు అంటాడు. నీ లెక్క నేను చూడను, నా లెక్క నువ్వు చూడకు అని మొదట్లోనే ఒప్పందం పెట్టుకున్నాం కాబట్టి నీ భాగహారాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి. నీ వంతులో అలాంటివి ఐదు వందల దాకా వస్తాయి. ఏరి పంపు. ఆయన చూసి సరే అంటే, లెక్కల పత్రికకి తనే రాస్తానన్నాడు.

త్వరగా పంపు. త్వరగా అని ఎందుకంటున్నానో తెలుసుగా.

మందులు వేసుకుంటున్నాను.

అన్నయ్య

ఏప్రిల్ 2

అన్నయ్యకి,

ఉత్తరం అందింది. భాగహారాలు అటక మీద ఉన్నాయి. మొన్న కురిసిన వానకి కొన్ని తడిశాయి, వెతకాలి. అయినా ఆ మేష్టారికి చూపించి తీరాల్సిన అవసరం ఏమొచ్చింది. మనం చేశాం, మనకి తెలుసు. పత్రికలో వేస్తే ఏం, వెయ్యకపోతే ఏం. ఇక ఈ సంఖ్య సంగతి వదిలెయ్యి. ఒంట్లో ఎలా ఉందో రాయి.

డిపోలో పని ఎక్కువగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

చెల్లి

ఏప్రిల్ 9

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వాన మాట నేను నమ్మలేదు. మీ ఇంటి అటక కప్పు వేసింది నేను, అక్కడ చుక్క కారదు.

నీకేం కోపమొచ్చిందా అని ఆలోచిస్తూ పడుకున్నాను. పత్రికకి నా పేరు మీద పంపిస్తాననుకున్నావేమో. నీ పేరే ముందు వేయిస్తాను, నా పేరు కింద చిన్న అక్షరాల్లో వేసినా చాలు. లేకపోతే, ఈ పని అయిపోయిన మర్నాడే అన్నయ్య ఊపిరి వదిలేస్తాడని భయపడుతున్నావా. అలాంటిదేం లేదు. పని మిగిలిందని మృత్యువు గుమ్మంలో ఆగదు, అయిపోయిందని పరిగెత్తుకు రాదు. బావ ఏమైనా అన్నాడా. ఆయన నాతో సరిగ్గా మాట్లాడి చాలా ఏళ్ళయింది, ఎందుకో ఎన్నడూ చెప్పలేదు.

నీ లెక్కల మీద అనుమానంతో అడుగుతున్నాననుకుంటే మాత్రం అది నీ పొరపాటు. నీ పాప చనిపోయిన వారంలో కూడా పది లెక్కలూ పూర్తిచేసి పంపిన మనిషివి నువ్వు. ఆ కాగితం పట్టుకుని మా వర్క్‌షాపులో అందరికీ చూపించాను. మా చెల్లి గట్టిది, తట్టుకుని నిలబడింది అని చెప్పాను. నువ్వెలా ఉన్నావోనని అన్నాళ్ళు నాకు నిద్ర లేదు. ఆ కాగితం వచ్చాకే నిద్రపోయాను.

పంపవే, అమ్మడూ. ఎప్పుడైనా నిన్ను ఏదైనా అడిగానా.

అన్నయ్య

ఏప్రిల్ 17

అన్నయ్యా,

నేను గట్టిదాన్ని కాదు. ఆ మాట ఎవరితో చెప్పుకున్నావో వాళ్ళందరితో అది నిజం కాదని చెప్పుకో.

పాప పోయిన నాలుగో రోజున నీ కవరు వచ్చింది. మీ బావే చింపాడు. నువ్వు రాలేదు సరే, రెండు ముక్కలైనా రాసుంటావని ఇద్దరం అనుకున్నాం. అందులో ఒక్క కాగితం ఉంది. పది సంఖ్యలు, పక్కన ఖాళీ గళ్ళు, అడుగున "పదిహేనో తారీకులోగా పంపు" అని. వెనక్కి తిప్పి చూశాం. కవరు దులిపి చూశాం. పాప పేరు గానీ, అయ్యో అన్న మాట గానీ ఎక్కడా లేదు. ఏడేళ్ళ పిల్ల, నువ్వంటే ప్రాణం పెట్టేది. మీ బావ ఆ కాగితం చింపబోతే నేనే లాక్కున్నాను. ఆయన నీతో ఎందుకు మాట్లాడడో ఇన్నాళ్ళకి తెలిసిందా.

తర్వాతి వారం డిపోకి వెళ్ళాను. ఇంట్లో ఉండలేక వెళ్ళాను. టేబుల్ మీద నీ కాగితం పరుచుకుని కూర్చున్నాను. ఒక్క అంకె కూడా భాగించలేదు. కిటికీలోంచి చూస్తూ, గేటు దాటుతున్న బస్సు మీద ఏ నంబరుంటే ఆ నంబరు శేషమని రాశాను. పది బస్సులు పోయాయి, పది గళ్ళు నిండాయి. కవర్లో పెట్టి పంపేశాను. చూసి తెలుసుకుంటావనుకున్నాను. ఇరవై ఒక్క వేలు దాటిన సంఖ్యలతో భాగిస్తే శేషాల్లో సగమైనా ఐదంకెలవి రావాలి కదా. పదికి పదీ నాలుగంకెలవే. చూస్తే పసిపిల్లలైనా పట్టుకుంటారు. పట్టుకుంటే తిడుతూ రాస్తాడు, అప్పుడు నేనూ తిడతాను, తిట్టుకున్నాకైనా పాప మాట వస్తుంది అనుకున్నాను. వారానికి నీ దగ్గర్నించి ఇంకో పది సంఖ్యలు వచ్చాయి. అవి మాత్రం చేశాను. ఆ తర్వాతవన్నీ సరిగ్గానే చేశాను. చెయ్యకపోతే నీ దగ్గర్నుంచి ఆ కాగితం కూడా రాదని చేశాను.

నువ్వు మేష్టారి మాట రాశాక ఆ కాగితంలో సంఖ్యలు తీసి చూశాను. ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలేది పదింటిలో ఒక్కటే ఉంది. చిట్టచివరిది. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిది. నేను దాని పక్కన 4415 అని రాశాను, అది రైల్వేస్టేషన్ బస్సు.

పోయిన ఆదివారం కూర్చుని భాగించాను అన్నయ్యా. ఏమీ మిగల్లేదు. సున్నా.

నాన్న మాట తప్పు. నీ పన్నెండేళ్ళలో తొమ్మిదేళ్ళు నేనే దండగ చేశాను. మంచం మీద ఉన్నవాడికి ఇది రాయాలా వద్దా అని అప్పట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాను. నీ ఉత్తరంలో "గట్టిది" అన్న మాట చూశాక ఇక దాచబుద్ధి కాలేదు.

చెల్లి

ఏప్రిల్ 24

చెల్లెలికి,

మూడుసార్లు చేశాను. మేష్టారు విడిగా ఒకసారి చేశాడు. సున్నా. ఐదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్పై తొమ్మిది సార్లు నిక్కచ్చిగా పోతోంది.

తొమ్మిదేళ్ళు. మిషను దెబ్బ తగిలి ఎడమచేతి వేళ్ళు పనిచెయ్యని రోజుల్లో కూడా పలక ఒళ్ళో పెట్టుకుని చేశాను. చెప్పి ఉండాల్సింది.

మేష్టారు పత్రికకి రాయడం లేదు. కాగితాలన్నీ మూట కట్టించి మంచం కింద పెట్టాను. ఇక నాకు పంపడానికి ఏమీ లేదు.

అన్నయ్య

మే 1

అన్నయ్యకి,

చెప్పి ఉండాల్సిందని నాకు నీతులు చెబుతున్నావు.

నీకు నేను మూడు పేజీలు రాశాను. అందులో మొదటి పేజీ అంతా పాప సంగతి. నువ్వు జవాబు రాసింది సంఖ్య సంగతి. సున్నా వచ్చిందని నీకు గుండె పగిలింది, అది నాకు తెలిసింది. నా గుండె ఎప్పుడు పగిలిందో నీకు ఇప్పటికీ పట్టలేదు. పన్నెండేళ్ళు భాగహారాలు చేసినవాడివి, నీ ఉత్తరంలో ఏం తగ్గిందో నువ్వే చూసుకో.

నీకు పంపడానికేం లేకపోతే పంపకు.

చెల్లి

మే 8

చెల్లీ,

దస్తూరీ చూసి కంగారు పడకు. కలం పట్టుకోలేకపోతున్నాను, నేను చెబుతుంటే మేష్టారు రాస్తున్నాడు. ఆయన ముందు చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పక తప్పదు.

పాపకి జ్వరంగా ఉంది రమ్మని నువ్విచ్చిన మొదటి టెలిగ్రామ్ నాకు అందింది. అప్పుడు మిషను మీద నూట ఇరవై ఏడు పళ్ళ గేరు సగంలో ఉంది. నూట ఇరవై ఏడు దేనితోనూ తెగదు, అందుకని మిషను మీద పళ్ళు కొలిచే ఇనప పలకలో దానికి సరిపోయే రంధ్రాల వరస ఉండదు. ప్రతి పన్నూ లెక్క తప్పకుండా కోసుకుంటూ పోవాలి, మధ్యలో ఇంకొకరికి అప్పగిస్తే గేరు పాడవుతుంది. పిల్లలకి జ్వరాలు వస్తాయి, పోతాయి అనుకున్నాను. రెండు రోజులు కూర్చుని గేరు పూర్తి చేశాను. చేతులు కడుక్కుంటుంటే రెండో టెలిగ్రామ్ వచ్చింది.

మర్నాడు పొద్దుటి బస్సుకి వచ్చాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ వీధి మలుపు దాకా వచ్చాను. మీ గుమ్మం బయట చాలా చెప్పులున్నాయి. అన్నీ పెద్దవాళ్ళవి. వాటి మధ్య ఒక చిన్న జత ఉంది, ఎర్ర పట్టీలది. ఎవరూ తీసి లోపల పెట్టలేదు. దాన్ని చూశాక కాలు ముందుకు పడలేదు. ఒక గేరు కోసం ఆగిపోయానని నీ మొహం చూసి ఎలా చెప్పను. వెనక్కి తిరిగి బస్టాండుకి పోయాను. అక్కడ కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాను, నాలుగుసార్లు చింపేశాను. జేబులో ఆ వారం కాగితం ఉంది. ఏదో ఒకటి పంపకపోతే ఇంకెప్పటికీ నీకు రాయలేనని భయమేసి, అదే పోస్టులో వేశాను. ఆ డబ్బా మీ ఊరిదే. ముద్ర చూసుంటే నీకూ తెలిసేది.

నువ్వు తిప్పి పంపిన కాగితంలో శేషాలు నేను చూడలేదు. నీ దస్తూరీ చూశాను. చెయ్యి వణకలేదని సంతోషించాను. అంత మూర్ఖుణ్ణి.

ఆ సంఖ్య తెగితే తెగనీ. నాకు ఇప్పుడు దాని మీద బెంగ లేదు. పాప ఎలా పోయిందో తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు నిన్ను. ఇప్పుడు అడుగుతున్నాను. ఏమైంది, ఏం మాట్లాడింది, మొదట్నుంచీ చెప్పు. నాకు టైము తక్కువని కుదించి రాయకు.

అన్నయ్య

మే 13

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి నాకు శుక్రవారం పొద్దుటి బస్సుకి సీటు రాయించుకొచ్చాడు. వద్దనకు, వచ్చేస్తున్నాను. నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు, అది వచ్చాక చూసుకుందాం.

నువ్వడిగింది మాత్రం ఇందులోనే రాస్తున్నాను. ఎదురుగా కూర్చుని చెప్పలేను.

సోమవారం స్కూల్నుంచి వస్తూనే తలనొప్పి అంది. పుస్తకాల సంచి కూడా దింపుకోకుండా పడుకుంది. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరు వచ్చి చూసి మందిచ్చాడు, తగ్గుతుందన్నాడు. మంగళవారం కొంచెం తేరుకుంది. లేచి కూర్చుని, మావయ్య వస్తున్నాడా అని అడిగింది. టెలిగ్రామ్ ఇచ్చాం, రేపు వస్తాడు అన్నాను. నువ్వు రెండు గేర్లు తెస్తానన్నావట, ఒకటి తిప్పితే ఇంకోటి తిరిగేవి. అవి ఎక్కడ పెట్టుకోవాలో చూపించింది. తన సామాన్లన్నీ పక్కకి జరిపి కిటికీ గూట్లో చోటు చేయించింది నాతో.

బుధవారం మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. వాళ్ళ నాన్నని చూసి ఎవరని అడిగింది. ఆయన పెరట్లోకి పోయి నిలబడ్డాడు. బండి కోసం మనిషిని పంపాం, ఆస్పత్రికి తీసుకెళ్దామని. ఆ బండి వచ్చేలోపు, మధ్యాహ్నం, ఒక్కసారి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది. అమ్మా, మావయ్య వచ్చాడా అంది. వచ్చాడమ్మా, బయట చెప్పులు విప్పుకుంటున్నాడు అన్నాను. సరే అని కళ్ళు మూసుకుంది. ఇంక తెరవలేదు.

నా బిడ్డతో నేను ఆడిన ఆఖరి మాట అబద్ధం. తొమ్మిదేళ్ళుగా ఆ మాటే తలుచుకుని నన్ను నేను తిట్టుకుంటున్నాను. నువ్వు వచ్చావని ఇప్పుడు రాశావు. ఆ గేరు వదిలేసి ఒక్కరోజు ముందు వచ్చుంటే, అది అబద్ధం అయ్యేది కాదు అన్నయ్యా.

చెల్లి